గవరమ్మ పెట్టని రాయి

ఒక పుట్టలో గవరమ్మ అనే చీమ ఉండేది. గుడ్లను కింది గదిలోంచి పై గదికి మార్చే పని ఆమెది. చీమలు నడిచేది వాసన గీత పట్టుకునే కదా. అందుకని గుడ్ల చోటు మార్చినప్పుడల్లా, పాత గీత చెరిపి కొత్తది గీసేదాకా దారికి రాయి అడ్డం పెట్టడం ఆ పుట్ట ఆనవాయితీ. రాయి కనిపిస్తే ఎవరైనా ఆగాల్సిందే.

"రాయి పెట్టావటే?" అనడిగింది ముసలి చీమ.

"ఎంతసేపు పిన్నీ, ఇట్టే అయిపోతుంది," అంది గవరమ్మ.

గుడ్లు పైకి చేరాయి. పాత గీత ఇంకా చెరపనేలేదు, కింది గదిలోకి వాన నీళ్లొస్తున్నాయని కేక వినిపించింది. గుడ్లను కాపాడాలని దాది చీమలన్నీ పాత గీత వెంటే కిందికి పరిగెత్తాయి. గవరమ్మ ఎంత అరిచినా ఆ హడావుడిలో ఎవరికీ వినపడలేదు.

వాన వెలిసింది. పై గదిలో గుడ్లన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిని సాకేవాళ్లే లేరు.

గవరమ్మ రాయి దొర్లించుకొచ్చి, ఎవరూ రాని ఆ దారికి అడ్డం పెట్టింది.