నేల తాకిన పాదం

“చెప్పులు విప్పండి నానా,” అంది నర్సు ఎసినామ్.

నానా కొరాంటెంగ్ ఆసుపత్రి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా ఆ ఊరికి రాజు ఆయనే; రాజును అక్కడ నానా అని పిలుస్తారు. రెండు నెలలుగా కుంటుతున్నాడు. గొడుగు పట్టేవాణ్ణీ, చెప్పులు మోసే దువానూ బయటే ఉండమన్నాడు. రోగం చూపించుకోవడానికి ఊరేగింపు దేనికన్నాడు.

“విప్పక తప్పదా?”

“చెప్పుల్లోంచి చూడ్డానికి నాకేమన్నా మంత్రాలొచ్చా?”

ఆయన నవ్వి విప్పాడు. ఆమె కుడి బొటనవేలు పట్టుకుని పైకి వంచింది. నానా కేక పెట్టాడు.

“పొద్దున లేవగానే బిగుసుకుపోతుందా?”

“కర్రలాగా.”

“నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుందా?”

“నన్ను వేయనిస్తే కదా! కూర్చోబెట్టి గొడుగు పడతారు.”

“వాపయితే లేదు. కానీ కీళ్ళవాతమే అనిపిస్తోంది. వేలి మొదట్లో గుజ్జు అరిగి ఉంటుంది. అరిగింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి.”

“ఎట్లా?”

“ఈ పీటల్లాంటి చెప్పులు మానేయండి. ముందు వెడల్పుగా, అడుగు గట్టిగా, కొస పడవలా పైకి లేచిన జోళ్ళు కావాలి. అప్పుడు వేలు వంగకుండానే అడుగు పడుతుంది. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు పెట్టండి. పిక్కలు సాగదీయండి. పొట్ట తగ్గించండి.”

“మధ్యలో పొట్టేం చేసింది?”

“దాన్ని మోసేది పాదాలే కదా నానా. ఏదీ, దిగి ఆ గోడ దాకా నడవండి. నడక చూడాలి.”

“వట్టి కాళ్ళతోనా?”

“అందరూ అట్లాగే నడుస్తారు.”

ఆమె సముద్రపొడ్డు మనిషి. ఈ ఊరికి వచ్చి మూడు వారాలైంది. నానా ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత మంచం దిగి కుంటుకుంటూ గోడ దాకా నడిచాడు. అక్కడ ఆగి, “దువా, మంచినీళ్ళు!” అని కేకేశాడు.

దువా గ్లాసుతో లోపలికి వచ్చాడు. రాజు పాదాలు చూశాడు. గ్లాసు కింద పడింది.

పీఠమెక్కినవాడి అరికాలు నేలను తాకితే ఊరికి అరిష్టం. వాడిక పీఠానికి పనికిరాడు. ఇది అషాంతి సీమలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఎసినామ్‌కు తెలియదు.

మూడో రోజు పెద్దలు కూర్చున్నారు. ఊరికి రాణితల్లి అయిన నానా అక్క ముఖం ముడుచుకుని నడుమ కూర్చుంది. ఆమె కొడుకు యియాదోమ్ గడ్డం గీసుకుని, కొత్త వస్త్రం కప్పుకుని వచ్చాడు. మేనమామ దిగితే పీఠం అతనిదే.

“తప్పంతా నాది,” అంది ఎసినామ్ ఏడుస్తూ. “నన్ను ఈ ఊరి నుంచి పంపేయండి. ఆయన్ని వదిలేయండి.”

“ఆ గదిలో పరిచింది టైల్స్ కదా? నేలెట్లా అయింది?” అంది రాణితల్లి.

“అవునమ్మా, అవి చైనావి. మన నేలే కాదు,” అన్నాడొక పెద్దమనిషి.

“మరి టైల్స్ కిందేముంది? ఆకాశమా?” అన్నాడు యియాదోమ్.

“నోర్ముయ్‌రా! మామ ఇంకా లేవనే లేదు, అప్పుడే కుర్చీ తుడుస్తున్నావ్,” అని తల్లి కసిరింది. “ఒక గొర్రెను కోసి శుద్ధి చేస్తే సరిపోతుంది. ఏమంటావ్ తమ్ముడూ?”

నానా లేచి నిలబడ్డాడు.

“యియాదోమ్ చెప్పింది నిజం. టైల్స్ కిందున్నది నేలే. నేను తాకాను. పదకొండేళ్ళు మీ తగువులు తీర్చాను. తప్పు చేసినవాడికి ఏనాడైనా సందు చూపించానా? నాకు మాత్రం ఎందుకు? ఆ పిల్లను ఏమీ అనకండి. అడిగింది ఆమె, నడిచింది నేను.”

ఇంత నిజాయితీపరుణ్ణి పోగొట్టుకుంటున్నామని ఇద్దరు పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు. దించెయ్యాలా అని అడిగినప్పుడు ముందు చేతులెత్తింది ఆ ఇద్దరే.

మర్నాడు కొరాంటెంగ్ రోడ్డు పక్కన బల్ల మీద కూర్చుని వేయించిన చేపతో కెంకీ అనే మొక్కజొన్న ముద్ద తిన్నాడు. వేళ్ళు నాకాడు. రాజుగా ఉన్నన్నాళ్ళూ నలుగురిలో నోరు కదపకూడదు. అక్కణ్ణుంచి శ్మశానానికి వెళ్ళాడు. రాజు అక్కడికీ పోకూడదు. నాలుగేళ్ళ కిందట భార్య అఫ్రియేను పాతిపెట్టిన రోజు ఆయన్ని గొడుగు కింద కూర్చోబెట్టి, ఏడవకూడదని చెప్పారు. చెప్పినవాళ్ళు వెళ్ళి శవం దగ్గర ఏడ్చి వచ్చారు.

ఎసినామ్‌కు మనసు ఊరుకోలేదు. పాత లారీ టైరు కోయించి, పడవ కొసలతో ఆయనకు జోళ్ళు కుట్టించింది. రోజూ పొద్దున్నే వచ్చి నీళ్ళు కాచి ఇచ్చింది. రెండు వారాలకు కుంటు పోయింది. ఊళ్ళో కాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు తొమ్మిది మంది అవే జోళ్ళు కుట్టించుకున్నారు. వాళ్ళకూ నొప్పి తగ్గింది.

“ఇక పెద్దాసుపత్రికి పోయి ఎక్స్‌రే ఫిల్ము తీయిద్దాం రండి,” అందామె.

“తగ్గిపోయాక ఆసుపత్రి దేనికమ్మాయ్? అంతా నీ జోళ్ళ చలవ.”

“గుజ్జు ఎంత మిగిలిందో తెలియొద్దూ?”

“వాన పడేట్టుంది. రేపు పోదాం.”

“నాలుగు రోజుల్నుంచి ఇదే రేపు. నా వల్ల రాజ్యం పోయింది. కాలు కూడా పోతే నేను బతకలేను. ఎక్కండి.”

చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కించింది.

డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి చూశాడు. తిప్పి మళ్ళీ చూశాడు. ఎసినామ్ డాక్టరు ముఖమే చూస్తూ నిలబడింది. కొరాంటెంగ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఈ పాదానికి ఏనాడూ ఏ జబ్బూ లేదమ్మా,” అన్నాడు డాక్టరు.