మెంతి మజ్జిగ

స్నానాలగది వెనక చెత్తకుప్పను ప్రేమమ్మ పుల్లతో కెలికింది. ఒక్క మాత్ర కూడా దొరకలేదు. దొరక్కపోతే మాత్రం నమ్మేస్తుందా? తూములో పారేసి ఉంటాడు.

ఆమె అనుమానం కొడుకు జక్రయ్య మీద. అతను మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మేస్త్రి. రెండేళ్లుగా పెద్దపేగులో పుండ్లు, రక్తవిరేచనాలు. స్టెరాయిడ్ మాత్రలతో నిరుడు తగ్గింది. తగ్గగానే చర్చివాళ్ల స్వస్థత కూటంలో ప్రభువే బాగుచేశాడని సాక్ష్యం చెప్పి, మాత్రల డబ్బా కాలవలో విసిరేసి వచ్చాడా మహానుభావుడు. మూడు వారాల్లో రోగం తిరగబెట్టింది. మళ్లీ మాత్రలు మొదలయ్యాయి గానీ, కొడుకు మాట మీద తల్లికి నమ్మకం పోయింది.

"ఏరా, మింగావా?"

"మింగానమ్మా."

"ఏదీ, నోరు తెరువు."

తెరిచేవాడు. నాలుక కింద కూడా చూసేది. అయినా ఏం లాభం? ఆనక బయటికెళ్లి ఉమ్మేస్తే చూసొచ్చిందెవరు? నిజంగా మింగుతుంటే రోగం ఎందుకు ముదురుతుంది? ఇప్పుడు రోజుకు పన్నెండుసార్లు వెళ్తున్నాడు. పైగా జ్వరం. ఇలాగే ఉంటే పెద్దపేగు తీసేసి పొట్టకు సంచి తగిలించాల్సి వస్తుందని గుంటూరు డాక్టరు నజ్మీన్ చెప్పేసింది. ఆ మాట విన్నప్పట్నుంచీ ప్రేమమ్మకు కంటి మీద కునుకు లేదు.

కోడలు ఫెబా మీదా అనుమానమే. "నా ఎదురుగానే మింగుతున్నారు అత్తయ్యా," అంటుంది. మొగుణ్ణి వెనకేసుకురాక ఏం చేస్తుంది? కూటంలో పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది ఆ పిల్లే కదా.

అందుకే వంటింట్లో ఒక్క పని మాత్రం కోడలికి వదల్లేదు. పొద్దున్నే మెంతి మజ్జిగ. కడుపుకు చలవ. ఆ మెంతులు కూడా ఆదివారం ఆరాధన అయ్యాక ప్రత్తిపాడు వెళ్లి తనే తెచ్చుకునేది. నూరడం తనే, కలపడం తనే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా మంచం పక్కన నిలబడటం తనే.

"చేదుగా ఉందే అమ్మా."

"మెంతులు చేదుగా కాక తియ్యగా ఉంటాయా? తాగు."

ఫెబా అనుమానం ఫెబాది. భర్త బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. సరిగ్గా తిండే తినని మనిషికి ఆ ఒళ్లు ఎక్కణ్ణుంచి వచ్చింది? పనిచేసే చోట చాటుగా బజ్జీలు లాగిస్తున్నాడేమో. అడిగితే ఒట్టేశాడు. ఒట్లు చాలా చూసింది ఆమె.

డాక్టరు పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత ముగ్గురూ ఆటో మాట్లాడుకుని గుంటూరు వెళ్లారు. బస్సెక్కే ధైర్యం జక్రయ్యకు లేదు. ప్రేమమ్మ మజ్జిగ సీసా సంచిలో పెట్టుకుని మరీ బయల్దేరింది.

"వైరస్ దొరికింది," అంది డాక్టరు.

ఫెబా భర్త వైపు అదోలా చూసింది.

"అలాంటిది కాదమ్మా. చాలామంది ఒంట్లో చిన్నప్పట్నుంచీ ఉండేదే. ఊరికే పడి ఉంటుంది. స్టెరాయిడ్ ఎక్కువై ఒంట్లో శక్తి తగ్గితే లేస్తుంది. పుండ్లను మాననివ్వంది ఇదే. దీనికి వేరే మందుంది, ఆపరేషన్ మాట తర్వాత చూద్దాం."

ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరు మాత్రం చీటీ మీంచి తలెత్తలేదు.

"నేను రాసింది రోజుకు రెండు మాత్రలే. ఈ ఉబ్బిన బుగ్గలు, రక్తపరీక్షలో ఈ షుగరు రెండు మాత్రలకు వచ్చేవి కావు. నిజం చెప్పండి జక్రయ్య గారూ, ఎన్ని మింగుతున్నారు?"

"రెండేనండి. ప్రభువు తోడు."

"రెండేనండి. నేనే చేతిలో పెడతాను," అంది ఫెబా.

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరి మాటా నమ్మినట్టు లేదు.

"అయితే మావాడు నిజంగానే మింగుతున్నాడా అండీ?" అంది ప్రేమమ్మ.

"మింగుతున్నారమ్మా. మింగాల్సినదానికంటే ఎక్కువే ఒంట్లోకి వెళ్తోంది."

ప్రేమమ్మ సంచిలోంచి మజ్జిగ సీసా తీసి బల్ల మీద పెట్టి, "వీడు మింగట్లేదనుకుని, పాత చీటీ చూపించి మెంతులతో పాటు ఆ మాత్రలూ తెచ్చి, రోజూ నాలుగేసి నూరి ఇందులో కలిపింది నేనేనండీ," అంది.