బండోడి కడుపులో మసిగుడ్డ

“బరువెంత ఉంటాడు?” కుర్ర డాక్టరు అడిగాడు.

“పదమూడు,” అందామె. వెంటనే, “కాదు కాదు, ముప్పై ఒకటి,” అని దిద్దుకుంది.

బల్లమీద ఆమె కుక్క బండోడు నాలుక వేలేసుకుని పడుకున్నాడు. పొద్దుటినుంచి ఐదుసార్లు కక్కాడు. పొట్ట బిగుసుకుపోయింది. ఎక్స్‌రేలో పేగుకి అడ్డంగా ముద్దలాంటిదేదో కనిపించింది.

“ఏం మింగి ఉంటాడు?”

“మసిగుడ్డ. కూర ఒలికితే దాంతో తుడిచి అక్కడే పడేశాను. వీడికి ఆ వాసన చాలు. తప్పు నాదే.”

“వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే పేగు చచ్చుబడుతుంది.”

ఆ మాట అని అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తలూపింది.

“ఒక్కరే చెయ్యగలరా?”

“పక్కన నిలబడి చాలానే చేశాను. ఒక్కణ్ణే చెయ్యడం ఇదే మొదలు.”



నర్సు ఒప్పుకోలు కాగితం తెచ్చింది. ఆమె అటూ ఇటూ తిప్పి చదివింది.

“ప్రాణానికి ప్రమాదం అని మూడుచోట్ల ఉంది. చదివితే గుండె ఆగిపోదూ?”

“ఇన్నాళ్లూ అందరూ దీనిమీదే పెట్టారు మేడమ్ సంతకం,” అంటూ నర్సు పెన్ను చేతికిచ్చింది.

ఆమె డాక్టరు సంతకం చెయ్యాల్సిన చోట చేసేసింది. నర్సు నిట్టూర్చి ఇంకో కాగితం తెచ్చింది.

బండోణ్ణి లోపలికి తీసుకెళ్తుంటే ఆమె కూడా వెనకాలే నడిచింది. నర్సు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ కుక్క లోపలుంటే మీరు బయట. రూలు రూలే.”

“ఒక్క నిమిషం. ఓ మూలన నిలబడతాను.”

“ముందు మీ చేతులు చూసుకోండి మేడమ్.”

చూసుకుంది. వణుకుతున్నాయి. తలుపు మూసుకుంది.

బయట గదిలో ఒక్కావిడే ఉంది, బస్సు కండక్టరు. ఒళ్లో బుట్ట, బుట్టలో పిల్లి, పిల్లి కాలికి కట్టు. ఆమె ఆ గోడనుంచి ఈ గోడకి తిరగడం కండక్టరు కాసేపు చూసింది.

“ఇలా రా చెల్లీ, కూర్చో. కాలు విరిగిన నా పిల్లే కుదురుగా ఉంది. నువ్వేంటి, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు? చెప్పులు కూడా ఒక్కోకాలికి ఒక్కో రకం వేసుకొచ్చావు.”

ఆమె తన కాళ్లకేసి చూసుకుని కూర్చుంది. కూర్చోగానే ఏడుపొచ్చింది.

“ఆ పని మాత్రం చెయ్యకు,” అంది కండక్టరు గొంతు తగ్గించి. “ఇక్కడో పెద్ద డాక్టరమ్మ ఉంది. ఏడ్చేవాళ్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మంట. మీరేడిస్తే జంతువులు బెదిరిపోతాయి అంటుందట. కిందటి నెల నా పిల్లి స్కూటరు కింద పడితే పట్టుకొచ్చాను. నేనిక్కడ శోకాలు పెడుతుంటే లోపల్నుంచి కబురొచ్చింది, ఆవిణ్ణి గేటు బయట కూర్చోబెట్టండి అని. రోజూ వెయ్యిమందిని బస్సులోంచి దించేదాన్ని నేను. నన్నే దించేసింది.”

“అంత కటువా?” అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

“కటువంటే కటువే. రాయి. మొహం ఎలా ఉంటుందో చూద్దామన్నా ఎండలోంచి లోపలికి రానిస్తేగా? కానీ చెయ్యి మాత్రం బంగారం. నాలుగు ముక్కలైన కాలు అతికించింది. ఈ దొంగ మొహంది నిన్న నా పాలగిన్నె మీదకి దూకింది.”

బుట్టలో దొంగ మొహంది ఆవలించింది.

అంతలో నర్సు ఏదో ఫైలు కోసం బయటికొచ్చింది. కండక్టరు వదల్లేదు.

“ఏమ్మాయ్, లోపల కోస్తున్నది ఆ పిల్లాడా? పెద్ద డాక్టరమ్మ ఏదీ?”

“ఆదివారం ఆవిడకి డ్యూటీ లేదండీ.”

“లేకపోతే పిలిపించు. ఇక్కడ ఒక ప్రాణం పోయేలా ఉంటే ఆవిడ ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుందా?”

నర్సు పెదవులు బిగబట్టింది. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

“చూశావా పొగరు? ఆవిడ దగ్గర పనిచేసేవాళ్లకీ అదే అంటుకుంది.”

ఆమె తల ఇంకా కిందికి దించుకుంది.

గంట గడిచింది. కండక్టరు తన బస్సెక్కిన దొంగల గురించి, తాగుబోతుల గురించి, టికెట్టు అడిగితే కళ్లు మూసుకుని నిద్ర నటించే పెద్దమనుషుల గురించి చెప్పింది. ఆమె రెండుసార్లు నవ్వింది. మూడుసార్లు లేచి తలుపు అద్దంలోంచి లోపలికి తొంగిచూసింది. మూడుసార్లూ నర్సు లోపల్నుంచి అద్దానికి తెర లాగింది.

“ఆ పిల్లాడి చెయ్యి ఎలా సాగుతోందో?” అంది ఆమె ఉన్నట్టుండి. “తొందరపడతాడేమో. కంగారుపడతాడేమో.”

“నువ్వు పడుతున్న కంగారులో పదోవంతు కూడా పడడులే.”

తలుపు తెరుచుకుంది. కుర్ర డాక్టరు బయటికొచ్చాడు. తలమీది టోపీ చెమటకి తడిసిపోయింది. చేతిలో ట్రే, ట్రేలో నలిగి నల్లబడిన మసిగుడ్డ.  కండక్టరు ఆమెని చెయ్యి పట్టి లేపింది.

“కళ్లు తెరిచాడు,” అన్నాడతను. “పేగు బాగానే ఉంది. ముక్క కొయ్యాల్సిన పని పడలేదు. తోక కూడా ఓసారి ఆడించాడు.”

ఆమె పెద్దగా బావురుమంది. ఇందాకటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారే కట్ట తెంచుకుంది.

“ఊరుకో తల్లీ, ఊరుకో,” అంటూ కండక్టరు తన కళ్లు కూడా తుడుచుకుంది. “ఆ రాయి మనిషికి తెలిసిందంటే మనిద్దర్నీ కలిపి గెంటిస్తుంది.”

కుర్ర డాక్టరు అటూ ఇటూ చూశాడు. ఏడుపు తగ్గేదాకా ఆగాడు. తర్వాత పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకుని అన్నాడు:

“కుట్లన్నీ మీరు నేర్పినట్టే వేశాను మేడమ్, రేపు డ్యూటీకొచ్చాక చూసి తప్పులుంటే చెప్పండి.”