అడ్డం వచ్చిన మనిషి

ఆడికృత్తిక రోజు మా లారీ తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి పోతోంది. నాగవేణి అనే ఆమె చూడకుండా రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆమెను తాకి లారీ బోల్తా పడింది. ఆమె చనిపోయింది.

కంపెనీ నష్టం రాబట్టుకోవడానికి ఇన్సూరెన్సుకు ఇలా రాసిచ్చాను.

డ్రైవర్ ఏలుమలై చదివి తల ఎత్తలేదు. “అక్క నా పక్కనే కూచోనుండె గదన్నా. రోడ్డు మీదికి యాడ దిగింది?”

సరుకు లారీలో మనిషిని ఎక్కించినట్టు తెలిస్తే పైసా రాదు. ఆ రోజు బస్సుల నిండా తిరుత్తణి గుడి పండక్కి పోయే కావడి జనం. “మన లారీనే గదా, ఎక్కు” అన్నాను. “తప్పు గదా మామా?” అంటూనే ఎక్కింది.

నా భార్య ఏనాడూ నా చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటలేదు.

రేపు పొద్దున్నే ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్లి, ఆమెను లారీ ఎక్కించింది నేనేనని రాసిస్తాను.