పెదవులు కలవని మాట

"ఎనిమిదో టేకు కూడా పోయింది," అన్నది యామినా, గాజుపలక అవతలి సౌండ్ గదిలోంచి. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను సొలాంజ్, నీకు మూడో టేకు అవసరమైన రోజు లేదు. నోట్లో నాలుక ఇంట్లో మరిచిపోయి వచ్చావా ఏం?"

సొలాంజ్ వెర్దియే తెరకు ఎదురుగా అడ్డంగా బిగించిన ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు డెబ్బై ఏళ్ళు. ఏ దేశపు సినిమాకైనా ఫ్రెంచిలో ఏడ్చే పిల్ల కావలసి వస్తే, పారిస్ డబ్బింగ్ థియేటర్లకు మొదట గుర్తుకు వచ్చే గొంతు ఇప్పటికీ ఆమెదే.

ఈసారి సినిమా పరదేశానిది కాదు. ఆమెను ఎనిమిదో ఏట బాలతారను చేసినదే. పడవ నడిపేవాడి కూతురి కథ. 1961లో దేశమంతా చూసి కన్నీరు పెట్టుకున్నది. ధ్వని ఉన్న రీళ్ళు గిడ్డంగిలో బూజుపట్టి పోయాయి, బొమ్మ మిగిలింది. ఆ బొమ్మను శుభ్రం చేసి, మాటలు మళ్ళీ పలికించి, వచ్చే నెల చలనచిత్రోత్సవంలో వేయబోతున్నారు. 'తన బాల్యానికి తానే గొంతు' అని పత్రికలు ముందుగానే శీర్షికలు పెట్టాయి.

తొమ్మిది రోజుల్లో దాదాపు అంతా పూర్తయింది. కొన్ని దృశ్యాల దగ్గర ఆమె గొంతు వణికింది. కొన్నిటి దగ్గర వణకలేదు. ఆ తేడాకు కారణమేమిటో ఎవరూ అడగలేదు.

మిగిలింది ఒక్క దృశ్యం. లువార్ నదిలో పిల్ల కొట్టుకుపోతూ, ఒడ్డువైపు చూసి తండ్రిని పిలుస్తుంది. మునుగుతుంది. పైకి రాదు. ఆ దృశ్యాన్ని చూసే అప్పట్లో బహుమతి ఇచ్చారు.

తెర అడుగున మాటల పట్టీ జారుతున్నది. దాని మీద "పపా! పపా!" అని రాసి ఉంది.

"ఒక్క మాటే కదా మదామ్," అన్నాడు డబ్బింగ్ దర్శకుడు తాంగీ. ముప్పై దాటిన మనిషి. మర్యాద తెలిసినవాడు, తొందరలో ఉన్నవాడు. "భయమేస్తే చెప్పండి, కాస్త ఆగుదాం."

"భయం కాదు. ఆ పిల్ల ఆ మాట అనడం లేదు."

"ఆ పిల్ల ఏమిటండీ, మీరేగా!"

"'పపా' అనాలంటే పెదవులు రెండుసార్లు కలవాలి. చూడు. ఒక్కసారైనా కలిశాయా?"

తాంగీ చూశాడు. కలవలేదు. తెర మీద ఆ చిన్న నోరు గుండ్రంగా ముడుచుకుంది, తెరుచుకుంది, ముందుకు సాగింది. నీళ్ళు మింగింది.

"కానీ స్క్రిప్టులో ఉన్నది అదే కదా. అప్పట్లో డబ్బింగ్ చెప్పింది కూడా మీరే."

"నేనే. షూటింగ్ అయిన మూడో వారం. కడ్డీ అందడం లేదని కాళ్ళ కింద పెట్టె వేశారు. రాసింది చదవమన్నారు, చదివాను. ఏడవమని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది."

అదే ఆమె మొదటి డబ్బింగ్. ఆ తరువాత ఆమె ఏ కెమెరా ముందూ నిలబడలేదు. నిర్మాతలు ఇంటి మెట్లెక్కి వచ్చారు. తల్లి తలుపు తీయలేదు. ఎనిమిదేళ్ళకే ఇంత పొగరా అని పత్రికలు రాశాయి. పిల్లల ఏడుపుకు చప్పట్లు కొట్టే జనం, ఏడవడానికి రానన్న పిల్లను క్షమించరు.

"రోజుకు పదకొండు గంటలు పనిచేసేవారటగా మీరు," అన్నాడు తాంగీ, ఆమెను మంచి చేసుకునేందుకు. "అలసట ఎరగని పిల్ల అని అప్పటి దర్శకుడు ఊరంతా చెప్పుకునేవాడట."

"చెప్పుకున్నాడు. సిగ్గులేని మనిషి."

యామినా మైకులోకి వంగింది. "నేనొకటి అడగనా? మునిగాక కూడా షాటు కోత లేకుండా నడుస్తూనే ఉంది. యాభై సెకన్లు. అంతసేపు ఊపిరెలా బిగబట్టావే తల్లీ?"

"బిగబట్టలేదు."

"ఓహో, చేప మరి!" అని యామినా నవ్వింది.

తాంగీ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. "సాయంత్రానికి అప్పగించాలి మదామ్. మీవల్ల కాదంటే, మీ మిగతా మాటల్లోంచి ఆ ఒక్కటీ యంత్రం చేత పలికించేస్తాను. మీరు ఊఁ అంటే చాలు."

"ఆ నోట్లో ఆ మాట యంత్రం చేత కూడా పెట్టించకు. ఒకసారి నేను పెట్టాను. అరవై రెండేళ్ళుగా దాన్నే వింటున్నాను. ఇంకొక్కసారి వెయ్యి. పట్టీ తీసెయ్."

"పట్టీ లేకుండా ఎలా..."

"తీసెయ్యమన్నాను."

పట్టీ పోయింది. నది వచ్చింది. నీళ్ళ మీద తడిసిన చిన్న తల తేలింది. సొలాంజ్ రెప్ప వేయకుండా ఆ నోటినే చూస్తూ, ఒకే మాటను మూడుసార్లు అరిచింది. తెర మీది పెదవికి ఆమె పెదవి సరిగ్గా సరిపోయింది. ఊపిరికి ఊపిరి కలిసింది. మూడోసారి మాట సగంలో నీళ్ళు కమ్మేచోట ఆమె గొంతూ సగంలోనే ఆగింది.

యామినా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "వెంట్రుకవాసి తేడా లేదు," అన్నది. ఈసారి నవ్వలేదు.

తాంగీ అయోమయంగా చూశాడు. "మీరన్నది 'సొలాంజ్' అని కదా? మునిగిపోతున్న పిల్ల తన పేరు తనే పిలుచుకోవడమేమిటి మదామ్?"

ఆమె కడ్డీ మీది చేతులు తీసి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"వంతులవారీగా పనిచేయించుకోవచ్చని ఆ ఒక్క వేషానికి కవలల్ని పెట్టుకున్నారు, నీళ్ళలో ఉన్నది మా చెల్లి, ఒడ్డున ఉన్నది నేను."