అరవై నాలుగో నంబరు వేళ్లు

“మళ్లీ పరుగేనా?” క్రెయిగ్ చేతిలోని ఫైలును బల్ల మీదికి విసిరికొట్టాడు.

హెడ్ కోచ్ రెంపెల్ పొద్దుతిరుగుడు గింజల పొట్టును కాగితం కప్పులో ఉమ్మాడు.

“పరుగే. ఒక్క గజం కావాలంటే బంతి చంకలో పెట్టుకుని దూరడమే.”

“మూడు ఆటల్లో దూరించావు. ఒక్కసారైనా ఆ గజం వచ్చిందా?”

“నువ్వు విసరమన్న పాసులు మాత్రం ఎవడు పట్టాడు?”

ఆ నెబ్రాస్కా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి తమ చేతికొచ్చినప్పుడు ఏ ఎత్తు వెయ్యాలో చెప్పే పని క్రెయిగ్‌ది. కాదనే హక్కు రెంపెల్‌ది.

బల్ల మీద పడింది జిరాక్సుకు జిరాక్సు. కోచ్‌ల చేతులు మారుతూ వచ్చిన ఎత్తుల పుస్తకం. రాసినాయన పేరున్న పేజీ ఎప్పుడో ఊడిపోయింది. ఎత్తు గీసేటప్పుడు బంతి విసిరేవాడి చోట అందరూ సున్నా చుడతారు. దీన్ని రాసినాయన చిన్న టోపీ గీశాడు. ఇద్దరికీ అదే వేదం.

“ఈ టోపీ ఆయనే ఇక్కడుంటే పాస్ వెయ్యమనేవాడు!”

“ఆయనే ఉంటే నీ చెవి మెలేసేవాడు. సరే, శనివారం నీ మాటే కానీ. ఆ గజం రాకపోతే ఎత్తులు చెప్పే హెడ్‌సెట్ నాకిచ్చి, జనంలో కూర్చుని పాప్‌కార్న్ తిను.”

క్రెయిగ్ తలుపు విసురుగా వేసి, కుర్రాళ్లు సాధన చేస్తున్న మైదానంలోకి వచ్చాడు.

కంచె అవతల ఒక ముసలాయన నిలబడి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. తల మీద ఆకుపచ్చ టోపీ. శనివారం వచ్చే జట్టు రంగు ఆకుపచ్చే.

“ఏయ్ పెద్దాయనా! ఏంటా రాత?”

“పాత అలవాటు, కోచ్. మీ అరవై నాలుగో నంబరు కుర్రాడున్నాడే...”

“నంబర్లు కూడా ఎక్కించావా? ఎంతిచ్చారు వాళ్లు? టోపీతో సరిపెట్టారా?”

“ఇది విత్తనాల కొట్టులో ఊరికే ఇచ్చింది బాబూ. మీ గొడవ ఇక్కడిదాకా వినిపించింది. పరుగా, పాసా అన్నది కాదు మీ కష్టం...”

“దొంగచాటుగా వచ్చి నాకే ఆట నేర్పుతావా!”

క్రెయిగ్ కంచె మీదుగా నోట్‌బుక్ లాక్కున్నాడు. కాపలావాణ్ని కేకేశాడు.

ముసలాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“రేపు మా వయోమింగ్ వెళ్లిపోతున్నా. అది నీ దగ్గరే ఉంచు. కాస్త చదువు.”

కాపలావాడు ఆయన్ను గేటు దాటించాడు. క్రెయిగ్ నోట్‌బుక్‌ను సొరుగులో పడేసి తాళం వేశాడు.

శనివారం. చివరి నిమిషం. నాలుగో ప్రయత్నం, అదే ఆఖరిది. కావలసింది ఒక్క గజం.

“పాస్,” అన్నాడు క్రెయిగ్ పైగదిలోంచి.

బంతి కదలకముందే ఆకుపచ్చ జట్టు వెనక్కి జరిగింది. పాస్ పడాల్సిన చోట ముగ్గురు కాచుకుని ఉన్నారు.

ఆట పోయింది.

“ఎవడో మన గుట్టు అమ్మేశాడు,” అన్నాడు క్రెయిగ్.

“హెడ్‌సెట్ ఇటివ్వు,” అన్నాడు రెంపెల్.

ఆదివారం క్రెయిగ్ సొరుగు తెరిచాడు. రెంపెల్ మొహాన కొట్టడానికి అతనికి సాక్ష్యం కావాలి.

నోట్‌బుక్‌లో రాసింది ఒక్క పేజీయే.

“అరవై నాలుగు, ముందు వరసవాడు. పరుగైతే వంగినప్పుడు నేలకానిన వేళ్ల మీద బరువంతా మోపుతాడు, గోళ్లు తెల్లబడతాయి. పాస్ అయితే వేళ్లు ఊరికే ఆనిస్తాడు. కంచె దగ్గర నాకే కనబడింది, ఎదురు నిలబడ్డవాడికి కనబడదా? ఇది సరిచెయ్యకపోతే ఏ ఎత్తు వేసినా ఒకటే. కుర్రాణ్ని తిట్టొద్దు, పనిమంతుడు.”

కింద ఆ ఒక్క గజానికి ఎత్తు గీసి ఉంది. వరసలో సున్నాలు, వాటి ముందు బాణాలు.

బంతి విసిరేవాడి చోట చిన్న టోపీ.