ఎత్తిన చేతులు

"తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి. ఒక్కరి చెయ్యి కూడా కింద ఉండకూడదు. అర్థమైందా?" అంది పెద్ద టీచరు బల్ల మీద స్కేలుతో తట్టి.

మూడో తరగతి పిల్లలంతా చేతులెత్తారు. కొందరు ఎందుకైనా మంచిదని రెండూ ఎత్తారు.

"రెండూ కాదర్రా! నా ప్రాణం తియ్యకండి."

తరగతి టీచరు కిటికీ దగ్గర నిలబడి చాక్‌పీసు నలుపుతోంది. "ఇది అవసరమా మేడమ్? రేపు వచ్చేది ఇన్‌స్పెక్టరు కాదుగా, యూనివర్సిటీ ప్రొఫెసరు."

"ఎవరైతే ఏంటమ్మా? వచ్చినవాళ్లకి కనబడేవి చేతులే. నా సర్వీసంతా ఇలాగే గట్టెక్కించాను. కుడిచెయ్యి ఎత్తినవాళ్లనే లేపు. నీ పీజీ సీటెక్కడికీ పోదు."

టీచరు సరేనంది. తనకి చదువుకోవడానికి సెలవు మంజూరు చెయ్యాల్సింది పెద్ద టీచరే. ఈ ఏడు తప్పితే మళ్లీ అడగొద్దని ముందే తెగేసి చెప్పింది కూడా.

అసలు ఈ పీజీ చదువు తలపెట్టిన రోజు నుంచీ టీచరుకి తలప్రాణం తోకకొస్తోంది. "స్కూళ్లు నడిపే కోర్సు చెయ్యి. కాలేజీ ఇంటికి దగ్గర, రేపు నువ్వూ హెడ్డువవుతావు" అన్నాడు భర్త. "పాఠ్యపుస్తకాలు తయారుచేసే కోర్సు నయమే. పిల్లల గోల ఉండదు" అన్నాడు అన్నయ్య. ఇద్దరికీ తలూపి, చివరికి చదువులో వెనకబడ్డ పిల్లలకి పాఠం చెప్పే కోర్సుకి దరఖాస్తు పెట్టింది. చిన్నప్పుడు వెనకబెంచీలో కూర్చుని, చదవడం రాక, అందరితోపాటు ఉత్తుత్తినే పెదవులు కదిపిన పిల్ల తనే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పొయ్యి మీద కూర పెట్టి, ఒడిలో పుస్తకం పెట్టుకుని చదివింది. కూరలు మాడాయి గానీ రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే. అభ్యర్థి తన తరగతిలో పాఠం చెబుతుంటే ప్రొఫెసరు వచ్చి చూస్తారు. సీటు ఇచ్చేదీ లేనిదీ ఆ పాఠాన్ని బట్టే.

మర్నాడు ప్రొఫెసరు గుడ్డసంచీ తగిలించుకుని వచ్చింది. ముందు వేసిన కుర్చీ కాదని, తిన్నగా వెళ్లి వెనకబెంచీలో ఇరుక్కుని కూర్చుంది.

"నన్నూ ఒక పిల్ల అనుకోండి. నేనూ ఒకప్పుడు చిన్న తరగతులు చెప్పినదాన్నే" అంది నవ్వుతూ.

టీచరు గుండెల్లో రాయి పడింది. ప్రొఫెసరు కూర్చున్నది పిచ్చుక పక్కన. ఆ పిల్లకి ఆ పేరు ఊరికే రాలేదు, దాని నోట్లో నువ్వుగింజ నానదు. మాటల్లో పుట్టెడు గానీ లెక్కల్లో మాత్రం సున్నా.

పాఠం సగాలూ పావులూ. కాగితం మడిచి చూపించింది టీచరు. "ఇందులో పావు ఎంతో ఎవరు చెబుతారు?"

తరగతంతా చేతులు లేచాయి. పిచ్చుక ఎడమచెయ్యి అందరికన్నా పైకి లేచింది. కుడిచెయ్యి ఎత్తినవాణ్ణి లేపితే టకీమని చెప్పాడు. మళ్లీ ప్రశ్న, మళ్లీ చేతులు. అంతలో పిచ్చుక ఒంగి ప్రొఫెసరు చెవిలో ఏదో చెప్పసాగింది.

బోర్డు దగ్గర్నుంచి టీచరు చేయగలిగిందేమీ లేదు. కసరడానికి లేదు, అక్కణ్ణుంచి లేపడానికి లేదు. చేతిలో చాక్‌పీసు విరిగింది. ప్రొఫెసరు పిచ్చుక ఎత్తిన చేతికేసి చూసి చిన్నగా నవ్వింది.

ఆ పిల్ల దగ్గర కూర్చుని, కాగితం దాని చేతే మరోసారి మడిపించాలనిపించింది టీచరుకి. నిజంగానే రెండడుగులు వేసింది. గుమ్మంలోంచి పెద్ద టీచరు కళ్లురిమింది. టీచరు అక్కడే ఆగి, పక్కబెంచీలో కుడిచెయ్యి ఎత్తిన పిల్లని లేపింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

గంట కొట్టాక ముగ్గురూ ఆఫీసు గదిలో టీ కప్పుల ముందు కూర్చున్నారు.

"పాఠం బాగా చెప్పారు. గొంతు బాగుంది, ఓర్పు ఉంది. ఒక్క చెయ్యి కూడా దిగలేదు" అంది ప్రొఫెసరు.

"మా స్కూల్లో అంతేనండీ!" అంది పెద్ద టీచరు మొహం చేటంత చేసుకుని.

టీచరు ఉండబట్టలేకపోయింది. "మా పిచ్చుక మిమ్మల్ని విసిగించిందా మేడమ్?"

"అబ్బే, లేదు. వాళ్ల పిల్లి పిల్లల్ని పెట్టిందట కదా! పాఠమైనంతసేపూ అదే కబురు."

టీచరుకి ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్లకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"ఇంతకీ, ఈ కోర్సే ఎందుకు ఎంచుకున్నారు?"

అద్దం ముందు వల్లెవేసిన జవాబు గొంతులోనే ఉండిపోయింది. వేరే మాటలు వచ్చాయి. "తెలియదని చెప్పుకోలేక అందరి మధ్యా దాక్కునే పిల్లలుంటారండీ. వాళ్లని కనిపెట్టడం నేర్చుకోవాలని..."

ఆ ఎడమచేతుల సంగతి కూడా చెప్పేద్దామనుకుంది. పక్కనే పెద్ద టీచరు, "ఇంకాస్త టీ పొయ్యనా?" అంటోంది. టీచరు తన కప్పు ముందుకి జరిపింది.

ప్రొఫెసరు ఆమెకేసి చూసి, "మంచి జవాబు" అని లేచింది.

గేటు దాకా సాగనంపడానికి వెళ్లిన టీచరు ఇక ఆగలేకపోయింది. "మేడమ్, తప్పుగా అనుకోకండి. నాకు ఇదే ఆఖరి అవకాశం. నాకు సీటు వస్తుందాండీ?"

ప్రొఫెసరు సంచీని కుడి భుజానికి మార్చుకుంది.

నెమ్మదిగా ఎడమచెయ్యి ఎత్తింది.